కొండ సైకిలు: షోకు చూసి కాదు, కొలత చూసి కొనండి

విజయనగరం నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. వయస్సు 38. కూర్చుని చేసే ఉద్యోగం. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 82 కిలోలు. పరగడుపున పరీక్ష చేయిస్తే రక్తంలో చక్కెర 112 ఉందట. "ఇంకా షుగరు జబ్బు కాదు గాని, గుమ్మం దాకా వచ్చింది. రోజూ ఒళ్ళు వంచండి" అని వాళ్ళ డాక్టరు చెప్పారట. నడక ఆయనకు విసుగు. ఊరి చుట్టూ కొండలున్నాయి, చెరువు గట్లున్నాయి, అందుకని కొండల్లో తొక్కే సైకిలు కొనుక్కుందామని ఉంది. చీటీ పాడిన డబ్బు 15,000 రూపాయలు చేతిలో ఉంది. అంతకు మించి ఒక్క రూపాయి కూడా పెట్టలేరు. షాపులో ముందూ వెనకా షాకులు, రెండు డిస్కు బ్రేకులు, 21 గేర్లు ఉన్న సైకిలు చూపించి 14,500 అన్నారట. "డాక్టరు గారూ, కొనమంటారా?" అని అడిగారు.

సైకిలు బేరంలో డాక్టరుకేం పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మందు రాసి మోతాదు రాయకపోతే ఎంత తప్పో, వ్యాయామం చెయ్యమని చెప్పి దేనితో, ఎలా చెయ్యాలో చెప్పకపోవడమూ అంతే తప్పు. మోకాలి నొప్పితో, అరచేతి తిమ్మిరితో, విరిగిన మణికట్టుతో ఆస్పత్రికి వచ్చే సైకిలు వాళ్ళు కొందరుంటారు. వాళ్ళలో చాలామంది బాధకు విత్తనం సైకిలు కొన్ననాడే పడి ఉంటుంది. అందుకని ఈ వారం జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను. ఉత్తరం రాసినవారికే కాదు, తక్కువ డబ్బుతో మొదటి సైకిలు కొనబోయే అందరికీ పనికివస్తుంది.

సైకిలు ఎందుకు మంచిది?

మన ఒంట్లో అన్నిటికంటే పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. సైకిలు తొక్కేటప్పుడు పనిచేసేవి ముఖ్యంగా అవే. పనిచేస్తున్న కండరం రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే లాక్కోగలదు. తొక్కడం ఆపిన తర్వాత కూడా ఒకటి రెండు రోజులపాటు ఇన్సులిన్ మామూలు కంటే బాగా పనిచేస్తుంది. అందుకే వరసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దంటాము. పైగా ఒంటి బరువును సీటు మోస్తుంది గనుక, బరువు ఎక్కువున్నవారి మోకాళ్ళకు పరుగు కంటే సైకిలే నయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. ఓ మోస్తరు అంటే ఎంత? తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంతే. ఈ లెక్కకు వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట చాలు. అంటే మీకు కావలసింది వారానికి అయిదుసార్లు ఎక్కాలనిపించే సైకిలు. వీధిలో వాళ్ళు ఆగి చూసే సైకిలు కాదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతా బేరం సులువవుతుంది.

కొండ సైకిలు ఎలా పుట్టింది?

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో మారిన్ కౌంటీ అనే కొండ ప్రాంతం ఉంది. 1970లలో అక్కడి కుర్రాళ్ళు కొందరు లావు టైర్ల పాత సైకిళ్ళు తెచ్చి మట్టి కొండదారుల్లో కిందికి తొక్కేవారు. 1976లో అక్కడ మొదలైన ఒక పందెం పేరు 'రీప్యాక్'. సుమారు రెండు మైళ్ళ దారిలో 1300 అడుగుల దిగుడు. ఆ పాత సైకిళ్ళకు పెడలు వెనక్కి తొక్కితే పట్టే బ్రేకులుండేవి. కొండ దిగేసరికి ఆ బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు పొగలై పోయేది. ప్రతిసారీ మళ్ళీ గ్రీజు కూరవలసి వచ్చేది. మళ్ళీ కూరడమే రీప్యాక్! 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఈ పనికోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. 1996 అట్లాంటా ఒలింపిక్సు నాటికి ఇది అంతర్జాతీయ క్రీడ అయింది.

ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. ఆ తొలి సైకిళ్ళకు వెనక షాకులు లేవు. వాళ్ళకు అవసరమైనవి గట్టి ఫ్రేము, లావు టైర్లు, నమ్మకమైన బ్రేకులు. తక్కువ డబ్బు ఉన్నవారు ఈనాటికీ చూడవలసినవి అవే.

షాకుల మోజు

మంచి షాకుకు రెండు పనులు ఉండాలి. దెబ్బను మింగాలి, మింగిన తర్వాత ఎగిరిపడకుండా అణిచిపెట్టాలి. చౌక సైకిలు షాకులో చాలావరకు ఉండేది ఉత్త స్ప్రింగే. అది మొదటి పని కొంత చేస్తుంది, రెండో పని చెయ్యదు. రాళ్ళ మీద చక్రం గెంతుతుంది, పట్టు తప్పుతుంది. వెనక షాకైతే మీరు తొక్కిన ప్రతి తొక్కుకూ కిందికీ పైకీ ఊగుతూ మీ బలం కొంత తినేస్తుంది. బరువు సరేసరి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ ఇనుమంతా మోసేది మీ మోకాళ్ళు. పదిహేను వేలలో రెండు వైపులా షాకులు ఇస్తున్నారంటే, ఆ ఖర్చు బ్రేకుల్లోనో, చక్రాల్లోనో, బేరింగుల్లోనో తగ్గించి ఉంటారు.

కాబట్టి ఉత్తరం రాసినవారికి నా జవాబు: ఆ సైకిలు వద్దు. వెనక షాకు అసలే వద్దు. ముందు షాకు లేకపోయినా నష్టం లేదు. చెరువు గట్లకు, డొంకలకు, మట్టి రోడ్లకు రెండంగుళాల లావు టైరే చక్కని షాకు. కాకపోతే గాలి సరిగ్గా ఉండాలి. రాయిలాగ బిగదీసి కొట్టించకండి. ఎంత నుంచి ఎంత వరకు కొట్టవచ్చో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. మట్టి దారికి ఆ అంకెల్లో కింది వైపు, తారు రోడ్డుకు పై వైపు ఉంచుకోండి.

ఇంకో సంగతి. కొండ సైకిలు వేషం వేసుకున్నవన్నీ కొండ సైకిళ్ళు కావు. కొన్నిటితో ఇచ్చే పుస్తకంలో "రోడ్డు మీద తప్ప గతుకుల్లో, గెంతులకు వాడరాదు" అని సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. డబ్బు కట్టకముందే ఆ పుస్తకం అడిగి చదవండి.

అన్నిటికంటే ముందు కొలత

చెప్పులు కొనేటప్పుడు కొలత చూసుకుంటాం. సైకిలు దగ్గరకు వచ్చేసరికి రంగు చూస్తాం! ఫ్రేము కొలత తప్పితే సీటు ఎంత జరిపినా, హ్యాండిల్ ఎంత తిప్పినా నడుము నొప్పి తప్పదు.

సైకిలు మీద కాదు, ముందు గొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి నేల మీద నిలబడండి. పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి. అప్పుడు గొట్టానికీ మీ గజ్జలకూ మధ్య రెండంగుళాలకు తక్కువ కాకుండా ఖాళీ ఉండాలి. గతుకుల దారిలో ఉన్నట్టుండి దిగవలసి వస్తే ఆ ఖాళీయే మిమ్మల్ని కాపాడుతుంది. తర్వాత ఎక్కి కూర్చుని హ్యాండిల్ పట్టుకోండి. మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. చేతులు కర్రల్లాగ చాచవలసి వస్తే ఫ్రేము పెద్దది. మోకాళ్ళు హ్యాండిల్‌కు తగిలేలా ఉంటే చిన్నది. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి చాలా కంపెనీలలో మీడియం సైజు సరిపోతుంది. కాని కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది గనుక కాగితం మీది కొలతను నమ్మక, ఎక్కి చూసే కొనండి. అయిదు నిమిషాలు వీధిలో తొక్కనివ్వని షాపులో సైకిలు కొనవద్దు.

పెరిగే పిల్లవాడు కదా, రెండేళ్ళు వస్తుందని పెద్ద సైకిలు కొనే తల్లిదండ్రులకు ఒక మాట. చొక్కా వదులైతే ఫరవాలేదు. సైకిలు పెద్దదైతే కాలు నేలకు అందదు, బ్రేకుకు వేలు అందదు. పిల్లవాడి నేటి ఎత్తుకే కొనండి. చిన్నదైపోయాక అమ్మితే కొంత డబ్బు తిరిగి వస్తుంది.

బ్రేకులు, గేర్లు

డిస్కు ఉంటేనే మంచి బ్రేకని అనుకోకండి. రిమ్మును రెండు పక్కల నుంచి పట్టే సూటి చేతుల బ్రేకులు చక్కగా పనిచేస్తాయి. రబ్బర్లు మార్చడం సులువు, ఏ వీధి మెకానిక్కయినా చేస్తాడు. తడిలో, బురదలో మాత్రం వాటి పట్టు తగ్గుతుంది. వానల్లో కూడా తొక్కేవారికి డిస్కు మేలే. అదీ మంచిదైతేనే. పరీక్ష ఒకటే. రెండు వేళ్ళతో నొక్కితే చక్రం ఆగిపోవాలి. బ్రేకు పిడి హ్యాండిల్‌కు అంటుకునే దాకా నొక్కవలసి వస్తే అక్కడే బిగించమనండి, బిగించినా అంతే అయితే ఇంకో సైకిలు చూడండి. మీ వేళ్ళు పొట్టివైతే పిడిని దగ్గరకు జరిపే మర ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇక గేర్లు. ముందు 3 పళ్ళచక్రాలు, వెనక 7 ఉంటే మూడేళ్ళు 21. అంతేగాని 21 రకాల బలం కాదు. చాలా గేర్లు ఒకదానిలాగే ఇంకొకటి ఉంటాయి. మీకు కావలసింది కింది గేరు, అంటే ఎత్తు ఎక్కే గేరు. ముందున్న చిన్న చక్రానికి పళ్ళెన్నో, వెనకున్న పెద్ద చక్రానికి పళ్ళెన్నో లెక్కపెట్టండి. వెనకవి ముందువాటికి సమానంగా గాని, ఎక్కువగా గాని ఉంటే ఎత్తు హాయిగా ఎక్కుతారు. 21 ఉన్నా ఈ లెక్క కుదరకపోతే లాభం లేదు. 7 ఉన్నా కుదిరితే చాలు. చదునైన ఊళ్ళో ఉండేవారికి 7 గేర్లు ధారాళంగా సరిపోతాయి. తక్కువ గేర్లకు రిపేర్లూ తక్కువే.

బరువైన గేరులో పళ్ళు బిగించి తొక్కితే కండ పెరుగుతుందని కుర్రాళ్ళ నమ్మకం. ముందు పెరిగేది మోకాలి చిప్ప వెనక ఒత్తిడి. తేలిక గేరులో నిమిషానికి అరవై, డెబ్భై చుట్లు తిరిగేలా తొక్కండి. గుండెకు పని, మోకాలికి సుఖం.

పదిహేను వేలు ఎలా పంచాలి?

చేతిలో ఉన్నదంతా సైకిలు మీదే పెట్టకండి. ఉత్తరం రాసినవారి డబ్బును నేనైతే ఇలా పంచుతాను.

సైకిలుకు 12,000.
హెల్మెట్టుకు 1,300.
పంపు, అదనంగా ఒక ట్యూబు, పంక్చరు సామానుకు 700.
ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, బెల్లుకు 500.
మొదటి నెల తర్వాత చేయించే బిగింపుకు 500.

చివరిది చాలామంది మరిచిపోతారు. కొత్త సైకిలులో తీగలు సాగుతాయి, చువ్వలు సర్దుకుంటాయి, మరలు వదులవుతాయి. నెలకు ఒకసారి బిగింపు చేయించి, చక్రాల బెండు తీయిస్తే ఏళ్ళ తరబడి మన్నుతుంది. సర్కారు తుమ్మ ముళ్ళున్న దారుల్లో పంక్చరు సామాను లేకుండా బయలుదేరితే సైకిలును మీరు మొయ్యవలసి వస్తుంది.

కొత్తదానికి చాలకపోతే పాతది కొనడం చిన్నతనమేమీ కాదు. మోజుతో కొని, నాలుగు రోజులు తొక్కి, బాల్కనీలో బట్టలు ఆరేసుకుంటున్న సైకిళ్ళు ప్రతి పట్నంలోనూ ఉన్నాయి. పాతది కొనేటప్పుడు గొట్టాలు కలిసేచోట, ముఖ్యంగా హ్యాండిల్ కిందిభాగంలో, పగులు గాని, రంగు కింద ముడతగాని ఉందేమో వేలితో తడిమి చూడండి. ఉంటే ఎంత చౌకైనా వదిలెయ్యండి. చక్రం ఎత్తి తిప్పండి, తొట్రు లేకుండా తిరగాలి. చైను, టైర్లు, బ్రేకు రబ్బర్లు అరిగితే భయం లేదు, మార్చుకోవచ్చు. ఆ ఖర్చు మాత్రం బేరంలో తగ్గించండి.

హెల్మెట్టు దగ్గర బేరమాడకండి. అనేక అధ్యయనాలను కలిపి 2017లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, సైకిలు ప్రమాదాల్లో తీవ్రమైన తల గాయం అయ్యే అవకాశం హెల్మెట్టు పెట్టుకున్నవారిలో సుమారు మూడింట రెండు వంతులు తక్కువ. చెయ్యి విరిగితే అతుకుతుంది. మెదడు అలా అతకదు. కనుబొమలకు రెండు వేళ్ళ పైన కూర్చోవాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. వెనక్కి టోపీలాగ పెట్టుకుంటే నుదురు గాలికి వదిలినట్టే. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగానే కనిపించినా మార్చెయ్యాలి.

సీటు ఎత్తు, తిమ్మిర్లు

గోడకు ఆనుకుని సీటు మీద కూర్చోండి. పెడలు అడుగుకు తెచ్చి దాని మీద మడమ పెట్టండి. అప్పుడు కాలు తిన్నగా చాచి ఉండాలి. ఇక పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. మన ఊళ్ళలో చాలామంది రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించేసుకుంటారు. అలా తొక్కితే మోకాలు ముందుభాగం నొప్పి పెడుతుంది. మరీ ఎత్తయితే మోకాలు వెనక నొప్పి, నడుము అటూ ఇటూ ఊగడం. నొప్పి ఎక్కడో చూసి సీటు ఎటు జరపాలో మీరే చెప్పుకోవచ్చు. నిట్రంగా దిగే దారిలో మాత్రం కాసేపు సీటు దించుకోవడం మంచిదే.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున నడిచే ఉల్నార్ నాడి నలుగుతున్నదని అర్థం. హ్యాండిల్ కొద్దిగా పైకి జరపండి, మణికట్టు విరవకుండా పట్టుకోండి, పది నిమిషాలకోసారి పట్టు మార్చండి. మగవారికి గాని, ఆడవారికి గాని మర్మావయవాల దగ్గర తిమ్మిరెక్కితే సిగ్గుపడి ఊరుకోకండి. సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూసి సమంగా దించండి. మధ్య మధ్య పెడళ్ళ మీద లేచి నిలబడండి. మెత్తని దూది సీటు హాయని కొంటారు గాని, అందులో దిగబడితే ఒత్తిడి పెరుగుతుంది. కూర్చునే ఎముకలు రెండూ ఆనేంత వెడల్పు ఉంటే కాస్త గట్టి సీటే మేలు. ఇవన్నీ చేసినా తిమ్మిరి రెండు వారాలకు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఆడవాళ్ళు సైకిలు తొక్కితే గర్భసంచికి చెరుపని ఇప్పటికీ ఉత్తరాలు వస్తుంటాయి. అది వట్టి మాట. చిన్న సైజు ఫ్రేము, చేతికి అందే బ్రేకు, చున్నీ చైనులో పడకుండా చైను మీద కవచం చూసుకోండి చాలు. గర్భవతులు మాత్రం పడే భయముంది గనుక కొండదారులు మానాలి.

ఎవరు ముందు డాక్టరును చూడాలి?

నడిస్తే గుండెలో బరువు, మామూలుకు మించిన ఆయాసం, స్పృహ తప్పడం ఉన్నవారు, గుండె జబ్బుకు గాని, అదుపులో లేని రక్తపోటుకు గాని మందులు వాడేవారు పరీక్ష చేయించుకున్న తర్వాతే సైకిలు ఎక్కాలి. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడే షుగరు రోగులకు తొక్కుతుండగా చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం దాని గుర్తులు. జేబులో గ్లూకోజు గాని, నాలుగు చెంచాల పంచదార పొట్లం గాని ఉంచుకోండి. గుర్తులు కనపడగానే దిగి నోట్లో వేసుకోండి. పాదాల్లో స్పర్శ తగ్గినవారు చెప్పులతో కాక బూట్లతో తొక్కాలి, ఇంటికొచ్చి పాదాలు చూసుకోవాలి.

పడితే?

పడడం ఈ ఆటలో భాగం. గీరుకుపోయిన చోట ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో మట్టి పోయేదాకా కడగండి. కాఫీపొడి, పసుపు, బూడిద అద్దకండి. ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందనుకుంటారు. అసలు దాని బీజాలుండేది మట్టిలో, పేడలో. మట్టి పడిన గాయమైతే, చివరి ధనుర్వాతం సూది వేయించుకుని అయిదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోండి.

చెయ్యి ఆనించి పడ్డాక బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్క గుంటలో నొక్కితే నొప్పి ఉంటే అది ఉత్త బెణుకని తీసెయ్యకండి. అక్కడుండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే పది పద్నాలుగు రోజులకు మళ్ళీ తీయించాలి. తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత, పెరిగే తలనొప్పి ఉంటే తెల్లవారే దాకా చూడకుండా వెంటనే ఆస్పత్రికి రండి.

మొదటి నెల

మొదటి వారం చదును దారిలో రోజుకు పదిహేను నిమిషాలే. రెండో వారం ఇరవై. నెలాఖరుకు అరగంట. తర్వాతే గట్లూ, డొంకలూ. ఆ తర్వాతే కొండలు. దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే ఒక్కసారిగా పట్టకండి, సైకిలు మీద నుంచి ముందుకు ఎగిరిపడతారు. పిరుదులు వెనక్కి జరిపి, రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పట్టి వదులుతూ దిగండి. అరకు వంటి ఘాటు రోడ్ల మీద ఈ జాగ్రత్త మరీ అవసరం.

మూడు నెలలు ఇలా తొక్కి, అన్నం కొలత కాస్త తగ్గించి, పరగడుపు చక్కెర మళ్ళీ పరీక్ష చేయించుకోండి. ఒకవేళ చక్కెర అంతగా తగ్గకపోయినా నిరాశపడి సైకిలు అమ్మెయ్యకండి. రక్తపోటు, బరువు, నిద్ర అన్నీ లెక్కలోకి వస్తాయి. ఏ సైకిలు కొన్నారన్నది నెల రోజుల ముచ్చట, వారానికి ఎన్ని రోజులు తొక్కారన్నది జీవితాంతపు లెక్క.